పక్షుల బాటలో సలీం అలీ

భారతీయ పక్షిశాస్త్రానికి పునాదులు వేసిన మహనీయుడు సలీం అలీ. ఆయన 1896 నవంబరు 12న బొంబాయిలో జన్మించారు. పసితనంలోనే తల్లిదండ్రులను కోల్పోయి మేనమామ ఇంట పెరిగారు. బాల్యంలో ఒకనాడు గాలితుపాకితో పిచ్చుకను కొట్టగా దాని గొంతు మీద పసుపు మచ్చ కనిపించింది. ఆ వింత పిట్ట పేరు తెలుసుకోవాలన్న కుతూహలం ఆయనను బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి చేర్చింది. నాటి నుండి పక్షులే ఆయన లోకమయ్యాయి.

బెర్లిన్‌లో పక్షిశాస్త్రం అభ్యసించి స్వదేశానికి తిరిగివచ్చిన ఆయనకు తగిన ఉద్యోగం లభించలేదు. అయినా నిరాశ చెందక, జీతం ఆశించకుండా సంస్థానాలలో పక్షుల సర్వేలు చేపట్టారు. 1931-32లో హైదరాబాదు సంస్థానంలో జరిపిన సర్వే వాటిలో ఒకటి. భార్య తెహ్మీనా అడవులలో ఆయన వెంట నడిచారు.

1957లో నాటి మైసూరు రాష్ట్రంలోని షిమోగా జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు గుంపులుగా మరణించాయి. అడవికి వెళ్లిన గ్రామస్థులు తీవ్రమైన జ్వరంతో మంచం పట్టారు. కొందరు ప్రాణాలు కోల్పోయారు. రక్తం పీల్చే పిడుదుల ద్వారా ఈ వ్యాధి వ్యాపిస్తున్నదని పూనాలోని వైరస్ పరిశోధన కేంద్రం శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. ఆ వైరస్ రష్యాలో మెదడువాపు కలిగించే వైరస్‌ను పోలి ఉంది. శీతకాలంలో సైబీరియా నుండి వలస వచ్చే పక్షులే తమ ఒంటిమీది పిడుదులతో దానిని మోసుకొచ్చాయా అన్న సందేహం కలిగింది.

ఈ చిక్కుముడిని విప్పే కృషిలో 60 ఏళ్లు దాటిన సలీం అలీ భాగస్వామి అయ్యారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సహాయంతో 1959లో వలస పక్షుల అధ్యయనం ప్రారంభమైంది. సన్నని వలలలో పక్షులను పట్టి, ఈకల నడుమ దాగిన పిడుదులను జాగ్రత్తగా సేకరించేవారు. పిదప సంఖ్య చెక్కిన తేలికపాటి కడియాన్ని కాలికి తొడిగి పక్షిని విడిచిపెట్టేవారు. ఆ పక్షి మరెక్కడైనా దొరికినప్పుడు ఆ సంఖ్యే దాని ప్రయాణాన్ని వెల్లడించేది. తరువాతి కాలంలో అమెరికా సైన్యానికి చెందిన విభాగం నుండి కూడా నిధులు అందడంతో 1970వ దశకంలో పార్లమెంటులో అనుమానాలు రేగాయి. ఆ పరిశోధనలో దాపరికం లేదని సలీం అలీ దృఢంగా సమర్థించుకున్నారు.

వలస పక్షులే ఆ వ్యాధిని తెచ్చాయనడానికి ఆధారం దొరకలేదు. ఆ వైరస్ స్థానిక అడవులలోనే పిడుదులు, చిన్న జంతువులు, కోతుల మధ్య మనుగడ సాగిస్తున్నదని పరిశోధనలు తేల్చాయి. ఊహ నిలువకపోయినా శ్రమ వృథా కాలేదు. భరత్‌పూర్‌లో కడియాలు తొడిగిన బాతులు సుదూర సోవియట్ భూభాగంలో దొరికాయి. అందువల్ల వలస మార్గాల గురించి విలువైన సమాచారం లభించింది. నిందపడిన పక్షులను నిర్దోషులని చాటడం కూడా విజ్ఞానం సాధించిన విజయమే.

1976లో భారత ప్రభుత్వం సలీం అలీని పద్మవిభూషణ్ పురస్కారంతో గౌరవించింది. తనకు లభించిన అంతర్జాతీయ బహుమతి ధనంలో అధికభాగాన్ని ఆయన ప్రకృతి పరిరక్షణకే వినియోగించారు. 1987లో ఆయన కన్నుమూశారు. పక్షుల కాళ్లకు కడియాలు తొడిగి వాటి జాడ తెలుసుకొనే కృషి ఆయన అనంతరమూ కొనసాగింది.