ఈడిత్ వార్టన్ మోటారు బాటలు

అమెరికా నవలాకర్తలలో ఈడిత్ వార్టన్ పేరెన్నికగన్నది. ది ఏజ్ ఆఫ్ ఇన్నొసెన్స్ అను నవలకు 1921లో పులిట్జరు బహుమానము నందుకొని, నవలారచనకు ఆ గౌరవము పొందిన తొలి మహిళ యయ్యెను. న్యూయార్కు ధనిక కుటుంబముల ఆచారవ్యవహారములను, వాని చాటున నలిగిన హృదయములను ఆమెవలె చిత్రించినవారు అరుదు. ఆమె నవలలను చదివిన విద్యార్థులు పెక్కురు కలరు. కాని ఆ రచయిత్రి తన జీవితములోని మేలైన దినములను పల్లెబాటలమీద మోటారుబండిలో గడపినదనియు, ఆ బాటలే పిదప ఆమెను యుద్ధరంగమునకు కొనిపోయినవనియు ఎరిగినవారు కొలదిమంది.

ఈడిత్ 1862 జనవరి 24వ తేదీన న్యూయార్కు నగరమున జోన్సు వంశమున జన్మించెను. అమెరికాలో అంతర్యుద్ధము సాగుచున్న కాలమది. యుద్ధానంతరము వ్యయము తగ్గించుకొనుటకై తండ్రి కుటుంబమును ఐరోపాకు తరలించెను. నాలుగేండ్ల ప్రాయమునుండి పదేండ్ల ప్రాయమువరకు ఆమె ఇటలీ, స్పెయిను, ఫ్రాన్సు, జర్మనీ దేశములలో పెరిగెను. స్పెయినులో ఆ కుటుంబము గతుకుల బాటలమీద గుఱ్ఱపుబండ్లలో ప్రయాణించెను. ఆనాడు కలిగిన ప్రయాణతృష్ణ ఆమెను జీవితాంతము విడువలేదు. స్వదేశమునకు మరలిన పిదప తండ్రి గ్రంథాలయమే ఆమెకు పాఠశాల. పెండ్లి యగువరకు నవలలు చదువరాదని తల్లి కట్టడి చేసెను. నవలలు వ్రాయబోవు బిడ్డకు ఇంతకంటె విచిత్రమైన శిక్షణ యుండదు!

1885లో ఎడ్వర్డు వార్టనుతో వివాహము జరిగెను. దంపతులు తరచు సముద్రము దాటి ఐరోపాలో సంచరించుచుండిరి. అయితే రైలు ప్రయాణము ఆమె మనసునకు ఎన్నడును తృప్తి నీయలేదు. రైలు తన వేళకు, తన దారికి మనుష్యుని కట్టివేయును. పట్టణమును ముంగిటినుండి చూపదు. పొగగొట్టములు, బొగ్గుకుప్పలు, గోదాములు ఉన్న పెరటివైపునుండి లోనికి దింపును. దారిలో కనబడిన చిన్న గుడియో, వంతెనయో మనసును లాగినచో దిగి చూచుటకు వీలులేదు. గుఱ్ఱపుబండిలో ఆ స్వేచ్ఛ కలదు గాని, దూరము సాగదు.

1903 వసంతమున ఈ చిక్కు విడిపోయెను. ఇటలీ దేశపు ఉద్యానభవనములను గూర్చి గ్రంథము వ్రాయుటకై ఆమె రోములో నుండగా, అచటి అమెరికా రాయబారి జార్జి మేయరు తన మోటారుబండిలో ఆమెను కాప్రారోలా భవనమునకు తీసికొనిపోయెను. అది పైకప్పు లేని ఎత్తయిన బండి. ముందర గాలి నాపు అద్దమైనను లేదు. ఆమె పలుచని వసంతకాలపు దుస్తులతో, తలపై చిన్న టోపీతో ఎక్కి కూర్చుండెను. గాలికి, దుమ్ముకు గొంతు పూర్తిగా పోయి, కొన్ని దినములు నోట మాట రాలేదు. అయినను, ఒక్క మధ్యాహ్నములో అంతదూరము పోయి, భవనమును చూచి, తిరిగి రాగలుగుట ఆమెకు అద్భుతముగా తోచెను. డబ్బు చేతికి రాగానే ఇట్టి బండి కొనవలెనని అప్పుడే నిశ్చయించుకొనెను. మరుసటి సంవత్సరమే ఫ్రెంచివారి పనార్ లెవాసర్ బండి ఇంటికి వచ్చెను.

బండి నడిపినది ఆమె కాదు. మసాచుసెట్సు రాష్ట్రమునకు చెందిన చార్లెస్ కుక్ అను నేర్పరి పెక్కు సంవత్సరములు ఆమెవద్ద డ్రైవరుగా నుండెను. ఆ కాలమున కారు నడుపుట సులభమైన పని కాదు. టైర్లు పగులుచుండెను; యంత్రము దారి మధ్యన నిలిచిపోవుచుండెను; దారిచూపు పలకలు అరుదు. యాత్రాగ్రంథములలో రచయితల పేర్లు మిగులునుగాని చేతులు మసిచేసికొన్నవారి పేర్లు మిగులవు. కుక్ పేరు మిగులుట ఒకవిధముగా అదృష్టమే.

మసాచుసెట్సులోని లెనాక్సు గ్రామము చెంత 1902లో ఆమె మౌంట్ అను భవనము కట్టించుకొనెను. చుట్టును బెర్క్‌షైరు కొండలు, సరస్సులు, అడవులు. బండి వచ్చిన పిదప ఆమె ఆ కొండదారులలో ప్రతిదినము క్రొత్త మూలలు వెదకసాగెను. ప్రకృతిసౌందర్యముతో బాటు ఆమె కంటబడినది మరొకటి కలదు. కొండలపైన శిథిలమగుచున్న పల్లెలు, వెలిసిపోయిన చెక్కయిండ్లు, ఏడాదిలో పెక్కు మాసములు మంచులో చిక్కి మాటాడువారు లేక మ్రగ్గు మనుష్యులు. 1911లో వెలువడిన ఈథన్ ఫ్రోమ్, 1917లో వెలువడిన సమ్మర్ అను రెండు నవలలును ఆ దారులలో పుట్టినవే. ఈథన్ ఫ్రోమ్ చదివినవారు ఆ మంచుబాటను, ఆ మూగబ్రదుకును మరువజాలరు. ధనవంతురాలి వినోదయాత్ర పేదరైతు విషాదకథగా మారుట సాహిత్యమునకు కలిగిన లాభము.

ఆమె సహప్రయాణికులలో ముఖ్యుడు ప్రసిద్ధ నవలాకర్త హెన్రీ జేమ్సు. ఈడిత్ నవలలు విరివిగా అమ్ముడుపోయెడివి. 1905లో వచ్చిన ది హౌస్ ఆఫ్ మర్త్ ఒక్కటే అదే సంవత్సరము లక్షకు పైగా ప్రతులు చెల్లెను. జేమ్సు గ్రంథములకు కీర్తియే గాని డబ్బు లేదు. ఈడిత్ తన నవల సొమ్ముతో కారు కొన్నదని వినిన జేమ్సు, తన నవల సొమ్ముతో అతిథుల సామాను మోయుటకు ఒక తోపుడుబండి కొంటిననియు, వచ్చు నవల సొమ్ముతో దానికి రంగు వేయింతుననియు హాస్యమాడెను.

ఆయన దారి అడుగుటను గూర్చిన కథ మరింత ప్రసిద్ధము. ఒకపరి ఇద్దరును చీకటిపడు వేళ, వానలో, ఇంగ్లండులోని విండ్సరు చేరిరి. కుక్ సెలవులో నుండెను. బదులు వచ్చినవానికి దారి తెలియదు. జేమ్సు ఒక వృద్ధుని పిలిచి, తాము ఎచటినుండి వచ్చుచున్నదియు, ఎచటికి పోవలసినదియు, ఏ మలుపు దాటినదియు, ఏది దాటలేదని తాము తలచుచున్నదియు, తన నవలలలోని వాక్యములవలెనే శాఖోపశాఖలుగా వివరింపసాగెను. వృద్ధుడు దిగ్భ్రమచెంది చూచుచుండెను. తుదకు ఈడిత్ ఓపిక నశించి, కింగ్స్ రోడ్డు ఎక్కడనని మాత్రము అడుగుమని వేడుకొనెను. ఆయన అట్లే అడుగగా, మీరున్నది ఆ రోడ్డుమీదనే యని వృద్ధుడు బదులుచెప్పెను.

1906లోను, 1907లోను వార్టను దంపతులు ఫ్రాన్సు దేశమును మూడుమారులు కారులో చుట్టిరి. అప్పటి పనార్ బండికి వారు జార్జి అని పేరుపెట్టిరి. ఫ్రెంచి రచయిత్రి జార్జి సాండు స్మృతికై పెట్టిన పేరది. ఎడ్వర్డుకు సాహిత్యమున ప్రవేశము తక్కువ, బండ్లయెడల మక్కువ ఎక్కువ. భార్య సుఖముగా ప్రయాణింపవలెనని ఆయన ఆ బండిని తన యోచనమేరకు తీర్చిదిద్దించి, లోపల విద్యుద్దీపమును, నాటికి తెలిసిన సదుపాయముల నన్నింటిని అమర్పించెను. పిదప వారి దాంపత్యము చెడి 1913లో విడాకులతో ముగిసెను గాని, ఆ బండిలోని ఏర్పాట్లలో ఆయన ఆప్యాయత కనబడును.

మొదటి యాత్రలో బులోన్ రేవునుండి బయలుదేరి ఆరాస్, ఆమియాన్, బోవే, రువాన్ పట్టణములమీదుగా నోహాం గ్రామములోని జార్జి సాండు ఇంటికి పోయిరి. 1907 మార్చిలో జేమ్సు కూడ చేరెను. ప్వాటియే, పిరనీసు పర్వతములు, ప్రొవాన్సు, రోన్ నదీలోయ చుట్టి మూడువారముల పిదప పారిస్ చేరిరి. పరిచారకులు సామానుతో ముందుగా రైలులో పోయి గదులు సిద్ధపరచుచుండిరి. ఈ యాత్రల వృత్తాంతమే 1908లో ఎ మోటార్ ఫ్లైట్ త్రూ ఫ్రాన్స్ అను గ్రంథముగా వెలువడెను. చెట్లవరుసల నడుమ సాగు తెల్లని బాటలు, మలుపు తిరుగగానే ఆకసమున తేలు గుడిశిఖరము, పేరు తెలియని పల్లెలో సంతదినపు సందడి – ఇవి ఆ గ్రంథమునకు ప్రాణము. పెద్ద దేవాలయములను వర్ణించిన పుటలకంటె, అనుకోకుండ ఆగిన చోటులను గూర్చిన పుటలే నేటికిని తాజాగా నున్నవి. అయితే, తన బండి రేపిన దుమ్ము ఎవరి ఇంట పడినదో ఆమె అంతగా తలపోయలేదు. ఆనాటి కారు ధనికుల సొత్తు; ఆమె దృష్టి కట్టడములపై నిలిచినంతగా కర్షకులపై నిలువలేదు.

ఆ లోటు 1914లో తీరెను. ప్రపంచసంగ్రామము ఆరంభమైనప్పుడు ఆమె పారిస్‌లో నుండెను. స్వదేశమునకు మరలిపోవుట సులభమే, ఆమె పోలేదు. పనిలేని స్త్రీలకు కుట్టుపనిశాల తెరచెను. కాందిశీకులకు వసతిగృహములు నెలకొల్పెను. తొలియేడాదిలోనే ఆ సంస్థ తొమ్మిదివేలకు పైగా నిరాశ్రయులను ఆదుకొనెను. బెల్జియమునుండి వచ్చిన వందలకొలది బాలబాలికలకు ఆశ్రయము కల్పించెను.

1915 ఫిబ్రవరిలో, యుద్ధరంగము చెంతనున్న ఆసుపత్రుల అవసరములు కనుగొనుమని రెడ్‌క్రాస్ వారు కోరగా, కారునిండ మందులు, బట్టలు నింపుకొని మిత్రుడు వాల్టరు బెరీతో కూడ బయలుదేరెను. షాలాన్, క్లెర్మాంట్, వెర్డన్. మునుపు మనసు పోయినచోట ఆగిన బండిని ఇప్పుడు ప్రతి మలుపులోను కాపలాసైనికులు ఆపి అనుమతిపత్రములు చూచుచుండిరి. క్లెర్మాంట్ ఊరు కాలి బూడిదయై యుండెను. ఒక తోట వెనుకనుండి, లోయకు ఆవల వోక్వా కొండపై ఫ్రెంచిసేనలు జరిపిన దాడిని ఆమె దుర్భిణిలో చూచెను. ఆ సంవత్సరమే మరికొన్ని పర్యాయములు పోయి, లొరేన్‌లో దగ్ధమైన జెర్బెవిల్లెర్‌ను, మనుష్యులులేని ఈప్ర పట్టణమును, ఫిరంగిగుండ్లకు కాలిన రీమ్సు దేవాలయమును దర్శించెను. 1906లో ఆమె కారు ఆగిన ఆరాస్‌లో నగరసభాభవనపు గంటగోపురము 1914 అక్టోబరులోనే కూలిపోయెను. ఈ యాత్రలను వర్ణించిన ఫైటింగ్ ఫ్రాన్స్ 1915లో అచ్చయ్యెను. మోటారుయాత్రా గ్రంథమును దీనిని ప్రక్కప్రక్కన నుంచి చదువుట ఉపాధ్యాయులు విద్యార్థులచేత చేయింపదగిన పని. కన్ను ఒకటే, బాటలలో కొన్ని అవే, చూచినది మాత్రము వేరు. ఫ్రెంచి ప్రభుత్వము 1916లో ఆమెకు లీజియన్ ఆఫ్ ఆనర్ బిరుదము నొసగెను.

1917లో సేనాని ల్యోటే అతిథిగా ఆమె మొరాకోలో కారుయాత్ర చేసెను. అచట ఇంకను బాటలే సరిగా లేవు. టాంజియరునుండి రబాతు పోవు ఎడారిదారిలో బండి మొరాయింపగా దిక్కుతోచక నిలువవలసివచ్చెను. ఆ యాత్రాగ్రంథము 1920లో వెలువడెను.

పిదప ఆమె నివాసము పారిస్ చెంత సేం బ్రీస్ గ్రామమునను, దక్షిణమున సముద్రతీరపు యేర్ పట్టణమునను. ఆరాస్ గంటగోపురము 1932 నాటికి మరల లేచి నిలిచెను. 1934లో ప్రకటించిన ఆత్మకథలో ఈడిత్ పాత మోటారుదినములను, విండ్సరులోని ఆ వానరాత్రిని నవ్వుచు స్మరించెను. 1937 ఆగస్టు 11న సేం బ్రీస్‌లో ఆమె కన్నుమూసెను. వెర్సాయి శ్మశానవాటికలో, యుద్ధపు బాటలలో తోడుగా వచ్చిన వాల్టరు బెరీ సమాధికి చేరువనే ఆమె సమాధి కలదు.