జార్జి ముల్లరుగారు – వాకిలి దాటిన బిడ్డలు

ప్రష్యా దేశమున 1805లో జన్మించిన జార్జి ముల్లరుగారు ఇంగ్లాండులోని బ్రిస్టలు పట్టణమున 1836లో ఒక అద్దె ఇంట అనాథ బాలికలను చేర్చుకొనిరి. 1870 నాటికి ఆష్లీ డౌనులో 5 భవనములు లేచి, 2,000 మందికి పైగా బిడ్డలకు చోటు దొరికెను. ఎవరిని చందా అడుగక, ప్రార్థనతోనే ఈ సేవ నడిపిరని మనమెరుగుదుము.

అయితే ఆయన చేసిన మరియొక పనిని మరచుచున్నాము. ఎదిగి వెళ్లు బిడ్డను ఆయన వట్టి చేతులతో పంపలేదు. బాలురను చేతిపని నేర్పు యజమానులయొద్ద చేర్చి, వారికియ్యవలసిన రుసుమును శరణాలయమే చెల్లించెను. బాలికలకు పనిచోటు చూచి పంపిరి. వెళ్లువారికి బట్టలు, పెట్టె, బైబిలు ఇచ్చిరి. 1898లో ఆయన ప్రభువునందు నిద్రించునాటికి సుమారు 10,000 మంది ఆ నీడన పెరిగిరి.

18 ఏండ్లు నిండి సంరక్షణ సంస్థను విడుచువారికి ధనసహాయము చేయుటకు మన దేశమున 2015 నాటి బాలన్యాయ చట్టము వీలు కల్పించినది. అయినను గది అద్దె, చదువు ఫీజు, పని దొరకువరకు భోజనము ఎవరిత్తురు? మన కన్నబిడ్డను 18వ పుట్టినరోజున గడప దాటించి తలుపు వేసికొందుమా? ప్రియ సంఘస్థులారా, ఈ శతవార్షిక కానుకలలో ఒక పాలు ఆ బిడ్డలకొరకు ప్రత్యేకింతము.