బొబ్బిలి రాణి మాట ఎవరడిగారు?

మాది భావనపాడు. బొబ్బిలి మాకు వంద కిలోమీటర్ల పైనే ఉంటుంది. అయినా చిన్నప్పుడు సముద్రపు గాలికి అరుగు మీద పడుకుని మామ్మ చేత ఎక్కువసార్లు చెప్పించుకున్నది బొబ్బిలి కథే. తర్వాత టీవీలో 1964 నాటి 'బొబ్బిలి యుద్ధం' సినిమా చూశాను. రంగారావుగా ఎన్టీఆర్, మల్లమ్మదేవిగా భానుమతి. సంగీతం మన సాలూరి రాజేశ్వరరావు గారిది. ఆ రాజారాణుల ముచ్చట్లు చూసి అప్పుడు మురిసిపోయాను. ఇద్దరు పిల్లల తల్లినయ్యాక మొన్న మళ్లీ చూస్తే, ఆ ముచ్చట్ల దగ్గరే కళ్లు చెమర్చాయి. ముందేం జరగబోతోందో తెలుసు కదా!

మల్లమ్మదేవి బొబ్బిలి రాజు రంగారావు భార్య. తాండ్ర పాపారాయుడు ఆవిడకి అన్న అని మన కథలు చెబుతాయి. ఈ యుద్ధాన్ని వివరంగా రాసిన ఇంగ్లీషు చరిత్రకారుడు ఓర్మ్ ఫిరంగులు లెక్కపెట్టాడు గానీ ఆవిడ పేరు రాయలేదు. ఆవిడని బతికించింది జంగం కథలు, మామ్మలు, ఆ తర్వాత సినిమా.

విజయనగరం విజయరామరాజుకీ బొబ్బిలికీ నీళ్ల దగ్గరా సరిహద్దుల దగ్గరా పాత పగలు. ఆయన ఫ్రెంచి సేనాని బుస్సీని వెంట తెచ్చుకున్నాడు. బొబ్బిలి వదిలిపెడితే ఇంతకంటే పెద్ద జాగా ఇస్తానన్నాడు బుస్సీ. రంగారావు దాన్ని అవమానంగా తీసుకున్నాడు. పౌరుషమే, కాదనను. కానీ వంటింట్లో ఉన్నవాళ్లని ఒక్క మాట అడిగి ఉంటే ఏమనేవారో అనిపిస్తుంది నాకు.

1757 జనవరి 24. తెల్లవారుజామునే ఫిరంగులు పేలాయి. పాపారాయుడు రాజాంలో ఉన్నాడు. మల్లమ్మదేవి అన్నకి కబురు పంపిందనీ, అది వేళకి అందలేదనీ మామ్మ చెప్పేది. ఇక్కడికొచ్చేసరికి ఆవిడ గొంతు తగ్గిపోయేది. కోట నిలవదని తేలాక, లోపల ఆడవాళ్లూ పిల్లలూ శత్రువు చేతికి చిక్కకూడదని ఇళ్లకి నిప్పు పెట్టమన్నాడు రంగారావు. మంటల్లోంచి బయటపడబోయినవాళ్లని సొంత మనుషులే పొడిచేశారు. ఆ పని ముగించి వెళ్లి పోరాడుతూ చచ్చిపోయారు. రంగారావూ తుపాకీ గుండుకి పడిపోయాడు. మల్లమ్మదేవి ఆ కోటలోనే కన్నుమూసింది. దాన్ని మానం కాపాడుకోవడం అంటారు. నాకు మాత్రం ప్రేమించిన చేతులే ప్రాణం తియ్యడం మింగుడుపడదు.

మూడో రాత్రి విజయరామరాజు తన గుడారంలోనే బొబ్బిలివాళ్ల కత్తిపోట్లకి హతమయ్యాడు. పాపారాయుడి ప్రతీకారంగా ఊరూరా పాడుకునేది దీన్నే. మా మగపిల్లలు ఈ ఘట్టం వచ్చేదాకా నిద్రపోయేవారు కాదు.

నాకు మాత్రం కథలో ఇంకో చోటు ఇష్టం. కోట పడిపోయాక, ఓ ముసలాయన ఓ పసివాణ్ణి వెంటబెట్టుకుని ఫ్రెంచి అధికారి లా దగ్గరికి వచ్చాడు. ఆ పిల్లాడు రంగారావు కొడుకు. తండ్రి ఇష్టానికి విరుద్ధంగా వాణ్ణి కాపాడానన్నాడు. అందరూ ఆజ్ఞకి తలవంచిన రోజున ఆ ఒక్కడికీ అంత తెగువ ఎక్కణ్ణుంచి వచ్చింది? ఏ తల్లి కళ్లతో సైగ చేసిందో అనుకుంటాను. ఇది నా ఊహే, చరిత్ర కాదు.

ఆ పిల్లాడే చిన్న రంగారావు. అమ్మ లేని దుఃఖంతోనే పెరిగి ఉంటాడు. 1794లో పద్మనాభం యుద్ధంలో విజయనగరం రాజు చనిపోయాక, ఇంగ్లీషు కంపెనీవాళ్లు బొబ్బిలిని మళ్లీ అతనికి అప్పగించారు. అమ్మ పోయి అప్పటికి 37 ఏళ్లు.

ఇప్పుడు మా పాప బొబ్బిలి కథ చెప్పమంటే ఫిరంగులతో మొదలెట్టడం మానేశాను. పొగలోంచి ఓ ముసలాయన పిల్లాడి చెయ్యి పట్టుకుని నడిచొస్తున్నాడు, అక్కణ్ణుంచి చెబుతున్నాను.