గుహల గర్భంలో చరిత్ర – రాబర్ట్ బ్రూస్ ఫుట్

భారతదేశంలో ప్రాగైతిహాసిక పరిశోధనకు పునాది వేసిన మహనీయుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్. ఆయన 1834 సెప్టెంబరు 22వ తేదీన ఇంగ్లండులోని చెల్టెన్‌హామ్ పట్టణంలో జన్మించాడు. 1858లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థలో ఉద్యోగిగా చేరి, దక్షిణ భారతదేశాన్ని తన కార్యక్షేత్రంగా చేసుకొన్నాడు. 1863 మే 30వ తేదీన మద్రాసు సమీపంలోని పల్లవరం వద్ద ఆదిమానవుడు చెక్కిన రాతి పనిముట్టును గుర్తించాడు. ఆ చిన్న రాయి ఈ దేశపు మానవచరిత్రను రాతియుగానికి కొనిపోయింది.

ఫుట్ కృషిలో కర్నూలు సీమలోని సున్నపురాతి గుహలకు విశిష్టస్థానం ఉన్నది. వాననీరు బొగ్గుపులుసు వాయువును గ్రహించి స్వల్పంగా ఆమ్లగుణాన్ని పొందుతుంది. ఆ నీరు బీటలగుండా దిగి యుగయుగాలుగా సున్నపురాతిని కరిగించగా ఇటువంటి గుహలు ఏర్పడతాయి. వాటిలో చేరిన ప్రాణుల అవశేషాలు మట్టిపొరల మాటున భద్రంగా నిలిచిపోతాయి. బేతంచెర్ల సమీపాన ఉన్న బిల్లసర్గం గుహలలోని ఎముకలను గురించి న్యూబోల్డ్ అనే సైనికాధికారి 1844లోనే వ్రాశాడు. నాలుగు దశాబ్దాల తరువాత, జీవశాస్త్రవేత్త హక్స్‌లీ సూచనపై మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్ ఆసక్తి చూపగా, ఫుట్ 1884లో అక్కడ అన్వేషణ చేపట్టాడు. ఆయన కుమారుడు హెన్రీ 1885 వరకు ఆ త్రవ్వకాలను కొనసాగించాడు.

ఆదిమానవుని జాడలు లభించగలవన్న ఆశతో ఆరంభమైన ఆ కృషి ఒక ప్రాచీన వన్యప్రపంచాన్ని వెలికితీసింది. ఒక గుహకు అస్థిగృహమనే అర్థం వచ్చే చార్నెల్ హౌస్ అన్న పేరు స్థిరపడింది. లభించిన అవశేషాలను లైడెక్కర్ అనే శాస్త్రజ్ఞుడు పరిశీలించి 1886లో వివరించాడు. వాటిలో దుమ్ములగొండి, ముళ్లపంది, గబ్బిలాల ఎముకలున్నాయి. ఖడ్గమృగపు ఎముకలు కూడా ఉండటం విశేషం. ఆ ఖడ్గమృగానికి ఆయన కర్నూలు పేరుమీదుగా కర్నూలియన్సిస్ అని శాస్త్రీయనామం పెట్టాడు. నేడు ఖడ్గమృగం కనిపించని ఆ మెట్టసీమలో ఒకనాడు అది సంచరించిందని ఆ ఎముకలే సాక్ష్యం పలికాయి.

1891లో పదవీ విరమణ చేసిన పిమ్మట కూడా ఫుట్ అధ్యయనం ఆగలేదు. దశాబ్దాలపాటు సేకరించిన ఆయన పురావస్తువులు 1904లో మద్రాసు ప్రభుత్వ ప్రదర్శనశాలకు చేరాయి. 1912 డిసెంబరు 29వ తేదీన ఆయన కన్నుమూశాడు.

ఫుట్ 1884లో పేర్కొన్న బెలుం గుహలు సుమారు ఒక శతాబ్దంపాటు మరుగునపడి ఉన్నాయి. 1982–83లో డేనియల్ గెబౌర్ నాయకత్వాన జర్మన్ బృందం వాటిని సమగ్రంగా సర్వే చేసింది. 3,229 మీటర్ల పొడవున్న ఆ గుహలను 1988లో రాష్ట్రప్రభుత్వం రక్షిత ప్రదేశంగా ప్రకటించింది. 2002లో అవి సందర్శకులకు అందుబాటులోకి వచ్చాయి.

గుహలోని ఒక మట్టిపొరను అజాగ్రత్తగా త్రవ్వితే, అందులోని క్రమం తిరిగి లభించదు. ఏ ఎముక ఏ కాలానిదో చెప్పే ఆధారం దానితోపాటే నశిస్తుంది. కనుక గుహలను కాపాడుకోవడమంటే ఈ నేలపై మనకు ముందు జీవించిన ప్రాణుల చరిత్రను కాపాడుకోవడమే. ఫుట్ జీవితం మనకందించే సందేశమిదే.