బెంగుళూరు నాగరత్నమ్మ

తమిళనాడులో తంజావూరుకు ఉత్తరాన, కావేరి ఒడ్డున తిరువైయారు అనే చిన్న పట్టణం ఉంది. ఐదు నదుల చోటు కనుక దానికి పంచనద క్షేత్రమనే పేరు కూడా ఉంది. ఏడాది పొడవునా అది వరిపొలాల నడుమ ప్రశాంతంగా ఉండే ఊరు. పుష్య బహుళ పంచమి వచ్చేసరికి మాత్రం దాని రూపే మారిపోతుంది. దూర ప్రాంతాల నుండి గాయకులు, వాద్యకారులు, సంగీతాభిమానులు వేల సంఖ్యలో వచ్చి నది ఒడ్డున చేరుతారు. అందరూ నేలపై బారులుగా కూర్చుని నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాలలోని పంచరత్న కీర్తనలను ఒక్క గొంతుతో పాడుతారు. పాడేవారిలో ఇంట తమిళం మాట్లాడేవారు ఉంటారు, కన్నడం మాట్లాడేవారు ఉంటారు, మలయాళం మాట్లాడేవారు ఉంటారు. నాట రాగంలోని మొదటి కీర్తన సంస్కృతం. తక్కిన నాలుగూ తెలుగు.

ఇదే త్యాగరాజ ఆరాధన. త్యాగరాజు 1767లో తిరువారూరులో పుట్టి, జీవితమంతా తిరువైయారులోనే గడిపాడు. వీధులలో పాడుతూ ఉంఛవృత్తితో పొట్ట పోసుకున్నాడు. చివరి రోజులలో సన్యసించి 1847 జనవరి 6న సిద్ధిపొందాడు. సన్యాసి కావడం వలన ఆయన దేహాన్ని దహనం చేయక, కావేరి ఒడ్డున సమాధి చేశారు. ఈనాడు ఆ సమాధి మీద గుడి ఉంది. దానిని కట్టించినది రాజు కాదు, జమీందారు కాదు. పాట పాడి, హరికథ చెప్పి డబ్బు కూడబెట్టిన ఒక స్త్రీ. ఆమె పేరు బెంగుళూరు నాగరత్నమ్మ.

నాగరత్నమ్మ 1878లో మైసూరు సంస్థానంలోని నంజనగూడులో జన్మించింది. తల్లి పుట్టలక్ష్మి దేవదాసి కులానికి చెందినది. దేవాలయాలలోనూ రాజాస్థానాలలోనూ ఆడి పాడే ఈ స్త్రీలు సంగీతంలో, నాట్యంలో, సాహిత్యంలో దిట్టలు. అయినా సంఘం వారి కళను మెచ్చుకుంటూనే వారిని చిన్నచూపు చూసేది. తండ్రి ఆదరణ లేకపోయినా పుట్టలక్ష్మి కూతురి చదువును నిర్లక్ష్యం చేయలేదు. మైసూరులో గిరిభట్ట తిమ్మయ్య అనే పండితుని వద్ద సంస్కృతం చెప్పించింది. తరువాత బెంగుళూరు చేరి మునుస్వామప్ప వద్ద సంగీతం నేర్పించింది. మునుస్వామప్ప గురువు వాలాజాపేట కృష్ణస్వామి భాగవతులు. ఆయన తండ్రి వెంకటరమణ భాగవతులు త్యాగరాజుకు ప్రత్యక్ష శిష్యుడు. ఆ విధంగా త్యాగరాజు పాట గురుపరంపరలో ఆ బాలికకు అందింది. కూతురి పేరుప్రఖ్యాతులు చూడకుండానే తల్లి కన్నుమూసింది.

బెంగుళూరులో పేరు తెచ్చుకున్న తరువాత నాగరత్నమ్మ మద్రాసుకు తరలివచ్చింది. ఆ రోజులలో జార్జిటౌను ప్రాంతం సంగీత విద్వాంసులకు, వారిని పోషించే ధనవంతులకు నిలయం. ఆమె కచ్చేరీలకు పిలుపులు రాని పెద్ద ఊరు దక్షిణదేశంలో లేదనవచ్చు. ఇల్లు, నగలు, ధనం అన్నీ సమకూరాయి. కన్నడం, తెలుగు, తమిళం, సంస్కృతం ఆమెకు కొట్టిన పిండి.

ఆమెకు సాహిత్యం కాలక్షేపం కాదు. తంజావూరు ప్రతాపసింహ మహారాజు కాలంలో ముద్దుపళని అనే కవయిత్రి రాధికాసాంత్వనము అనే తెలుగు కావ్యం రచించింది. అచ్చయిన ప్రతిలో పద్యాలు కొన్ని తొలగించి ఉండడం చూసి నాగరత్నమ్మ ఊరుకోలేదు. తాళపత్ర ప్రతిని సంపాదించి, సరిచూసి, 1910లో వావిళ్లవారి ద్వారా పూర్తి కావ్యాన్ని ప్రకటించింది. ముద్దుపళనిని నిందించిన కందుకూరి వీరేశలింగం పంతులు అంతటివారికి కూడా పీఠికలో ధైర్యంగా సమాధానం చెప్పింది. ఆంగ్ల ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. స్వాతంత్ర్యం వచ్చే నాటికి గాని ఆ నిషేధం తొలగలేదు.

ఇక తిరువైయారు సంగతి. త్యాగరాజు మరణించిన తరువాత శిష్యులు ఎవరి ఊళ్లలో వారు ఆయన తిథిని జరుపుకొనేవారు. సమాధిని పట్టించుకున్నవారు లేరు. 1903లో ఉమయాల్పురం కృష్ణ భాగవతులు, సుందర భాగవతులు అనే వృద్ధ శిష్యులు అక్కడికి వచ్చి చూసేసరికి అది ముళ్లపొదలలో శిథిలమై ఉంది. వారు దానిని బాగుచేయించి, ఇకమీదట ఆరాధన అక్కడే జరగాలని ఏర్పాటు చేశారు. అయితే కొద్ది సంవత్సరాలకే నిర్వాహకులలో తగాదాలు వచ్చాయి. ఒక కక్షి రెండయింది. చిన్న కక్షివారు తిథికి ముందే మొదలుపెట్టి తిథినాడు ముగించేవారు. పెద్ద కక్షివారు తిథినాడు మొదలుపెట్టి తరువాత కొన్ని రోజులు జరిపేవారు. ఇద్దరూ ఊరూరా చందాలు వసూలు చేసేవారు, ఇద్దరూ అన్నదానాలు చేసేవారు, ఇద్దరూ గొప్ప విద్వాంసులను రప్పించేవారు. ఇంత చేసినా సమాధి చుట్టూ మళ్లీ పిచ్చిమొక్కలు పెరుగుతూనే ఉన్నాయి. ఉత్సవానికి డబ్బు పుట్టింది గాని ఎవరి కోసం ఉత్సవమో ఆయన తల దాచుకునే చోటికి పుట్టలేదు.

1921లో మైసూరు విద్వాంసుడు బిడారం కృష్ణప్ప సమాధిని దర్శించి, దాని దుస్థితిని వివరిస్తూ నాగరత్నమ్మకు ఉత్తరం వ్రాశాడు. ఆ తరువాత త్యాగరాజు ఆమెకు కలలో కనిపించాడని చెప్పుకుంటారు. కల మాట ఎలా ఉన్నా, ఆమె ఆలస్యం చేయలేదు. తిరువైయారు వెళ్లి, సమాధి ఉన్న స్థలాన్ని సంపాదించి, ఆ సంవత్సరమే శంకుస్థాపన చేయించింది.

పని మొదలుపెట్టడం తేలిక, సాగించడం కష్టం. రాయి, సున్నం, కూలి, ఇవన్నీ డబ్బుతో పని. నాగరత్నమ్మ తన నగలను అమ్మింది. చాలకపోతే మళ్లీ ఊళ్లు తిరిగింది. ఆమె హరికథ చెప్పడంలో నేర్పరి. చేతిలో చిడతలతో నిలబడి, కథ చెబుతూ, నడుమ కీర్తన పాడుతూ, పిట్టకథతో నవ్విస్తూ గంటల తరబడి సభను కదలనిచ్చేది కాదు. అలా వచ్చిన సొమ్ము తిరువైయారుకు చేరేది. 1926 జనవరిలో సమాధి మీద గుడి పూర్తయి, కుంభాభిషేకం జరిగింది. సమాధి ముందు త్యాగరాజు శిలావిగ్రహాన్ని కూడా ఆమె ప్రతిష్ఠించింది. నిత్యపూజకు ఏర్పాటు చేసింది.

గుడి కట్టించిన మనిషి ఆ గుడి ముందు హరికథ చెప్పాలనుకుంది. రెండు కక్షులూ ఒప్పుకోలేదు. స్త్రీలు, అందులోనూ దేవదాసి కులంవారు, సమాధి ముందు పాడరాదన్నారు. రెండు కక్షులూ ఏకమై చెప్పిన మాట ఇదొక్కటే కాబోలు! ఆమె కట్టించిన గోడల నీడన కూర్చుని పాడడానికి వారికి అభ్యంతరం లేదు. ఆమె పాటకు మాత్రమే అభ్యంతరం.

నాగరత్నమ్మ గుడి తాళం వేసుకుని వెళ్లిపోలేదు. సాటి గాయనులను కూడగట్టింది. గుడి ముందు చోటు లేకపోతే గుడి వెనుక చోటుంది కదా! ఆరాధన రోజులలో ముందు వైపున మగవారు పాడుతుంటే, వెనుక వైపున ఆమె, ఆమెతో వచ్చిన స్త్రీలు పాడసాగారు. జనం దానిని ఆడవారి కక్షి అన్నారు. ఆ విధంగా తిరువైయారులో రెండు కక్షులు కాస్తా మూడయ్యాయి. వెనుక వైపు పాట వినడానికి వచ్చే శ్రోతలు ఏటేటా పెరిగారు. ఒకటి రెండేళ్లు కాదు, పదేళ్లకు పైగా ఆమె పట్టు విడవలేదు.

ఈ కాలంలోనే, 1927 ప్రాంతంలో, దేవదాసి ఆచారాన్ని రద్దు చేయాలనే ప్రయత్నం మద్రాసు శాసనసభలో మొదలైంది. తమ కళకు, ఆస్తిహక్కుకు చేటు వస్తుందని నాగరత్నమ్మ ఆ ప్రయత్నాన్ని ఎదిరించింది. ఆడపిల్లల భవిష్యత్తును దృష్టిలో పెట్టుకుంటే డాక్టరు ముత్తులక్ష్మి రెడ్డి పక్షమే న్యాయమైనది. 1947లో చట్టం కూడా వచ్చింది. కాని తన కులపు స్త్రీల గౌరవం కోసమే నాగరత్నమ్మ మాట్లాడిందన్నది కూడా నిజం.

క్రమంగా విద్వాంసులకు, ఊరి పెద్దలకు ఈ చీలికలు విసుగు పుట్టించాయి. చర్చలు జరిగి, కక్షులన్నీ కలిసి ఒకే సభగా ఏర్పడ్డాయి. 1941లో తొలిసారి ఒకే ఆరాధన జరిగింది. స్త్రీలకు కూడా సమాధి ముందు పాడే అవకాశం లభించింది. అప్పటికి నాగరత్నమ్మకు అరవై రెండేళ్లు నిండాయి. ఈనాడు మనం చూసే పంచరత్న బృందగానం ఆ సమైక్య ఆరాధనలోనే స్థిరపడింది.

చివరి సంవత్సరాలలో ఆమె మద్రాసు విడిచి తిరువైయారులోనే కాపురం పెట్టింది. సంగీతలోకం ఆమెను త్యాగసేవాసక్త అనే బిరుదుతో గౌరవించింది. 1949లో ఆమె వీలునామా వ్రాసింది. మిగిలిన ఆస్తిని సమాధి సేవకే వినియోగించేలా ధర్మకర్తలకు అప్పగించింది. కులభేదం లేకుండా స్త్రీలందరికీ ఆ సమాధిని సేవించే హక్కు, అక్కడ పాడే హక్కు ఉండాలని అందులో స్పష్టంగా వ్రాయించింది. ఒకసారి చేతికి వచ్చిన హక్కు తన తరువాత జారిపోకూడదని ఆమె జాగ్రత్త.

1952 మే 19న నాగరత్నమ్మ తిరువైయారులో మరణించింది. త్యాగరాజు సమాధికి సమీపంలోనే ఆమెను కూడా సమాధి చేసి, మీద చిన్న మందిరం కట్టారు. అందులో ఆమె విగ్రహం చేతులు జోడించి కూర్చుని ఉంటుంది. అది త్యాగరాజు గుడి వెనుక లేదు. గుడికి ఎదురుగా, ఆయనవైపే చూస్తూ ఉంది.