ఎమిల్ బోడో

ఎమిల్ బోడో (సెప్టెంబర్ 11, 1845 - మార్చి 28, 1903) ఫ్రాన్సు దేశానికి చెందిన టెలిగ్రాఫు ఇంజనీరు. ప్రతి అక్షరాన్నీ సమాన నిడివి గల ఐదు విద్యుత్ సంకేతాలతో పంపే పద్ధతిని ఆచరణలోకి తెచ్చినవాడిగా ప్రసిద్ధుడు. కంప్యూటర్లలోని అక్షర సంకేతాలకు ఈ పద్ధతి పూర్వరూపం.

జీవితం

ఈయన మాన్యో గ్రామంలో రైతు కుటుంబంలో జన్మించాడు. ప్రాథమిక పాఠశాలతోనే చదువు ముగిసింది. 1869లో తంతి శాఖలో ఆపరేటరుగా చేరాడు. పనివేళలు ముగిసిన తరువాత, అదనపు జీతమేమీ లేకుండానే పరిశోధన సాగించి 1874లో పేటెంటు పొందాడు. 1877లో పారిస్ - బోర్డో నగరాల మధ్య ఈయన యంత్రాన్ని పరీక్షించారు. 1878 నాటి పారిస్ ప్రదర్శనలో దానికి స్వర్ణపతకం లభించింది. 1890 జనవరిలో వివాహమాడగా మూడు నెలలు తిరగకముందే భార్య మరణించింది. చిన్న వయసులోనే మొదలైన అనారోగ్యం చివరివరకు వీడలేదు. 57వ ఏట సో పట్టణంలో కన్నుమూశాడు.

సంకేత విధానం

మోర్స్ పద్ధతిలో అక్షరాన్ని బట్టి సంకేతం నిడివి మారుతుంది. బోడో పద్ధతిలో అన్నింటికీ ఐదే. అందువల్ల ఒకే తీగపై పలువురు ఆపరేటర్లు వంతులవారీగా వార్తలు పంపగలిగారు. యంత్రానికి ఐదు మీటలుండేవి. ఎడమచేతి వేళ్లు రెండు, కుడిచేతి వేళ్లు మూడు వాటిపై ఆడేవి. హార్మోనియం వాయించేవారికి ఈ అమరిక సులభంగా బోధపడుతుంది. అయితే తాళం తప్పరాదు.

ఐదు సంకేతాలతో 32 కలయికలే సాధ్యం. అంకెలకు చోటు చాలక, అవే కలయికలను రెండు పట్టికలకు వాడి, పట్టిక మార్చేందుకు ప్రత్యేక సంకేతాలు ఏర్పరచాడు. ఇందులోని చిక్కు గమనించదగినది. ఒక సంకేతాన్ని విడిగా చూస్తే అది అక్షరమో అంకెయో తెలియదు. అంతకుముందు వచ్చిన మార్పు సంకేతాన్ని బట్టి చదువుకోవాలి. ఇక ఆంగ్లంలోని పెద్దబడి, చిన్నబడి అక్షరాల భేదానికి అసలు తావే లేదు.

అనంతర ప్రభావం

1901లో డోనాల్డ్ మర్రే ఈ విధానాన్ని సవరించినా ఐదు సంకేతాల పరిమితి అలాగే నిలిచింది. ఏడు బిట్ల ఆస్కీ 1963లో వెలువడినప్పుడు కూడా అందులో చిన్నబడి అక్షరాలు లేవు. 1967 నాటి రూపంలో చేరాయి. అందులో పెద్దబడి అక్షరాలకు 65 నుండి 90 వరకు, చిన్నబడికి 97 నుండి 122 వరకు సంఖ్యలున్నాయి. ప్రతి జంటకూ తేడా 32, అనగా ఒకే ఒక బిట్టు. కనుక ముందువెనుకలు చూడకుండా, అక్షరం సంఖ్యను బట్టే ప్రోగ్రాము దాని బడిని తేల్చగలదు. తెలుగు లిపికి ఈ భేదం లేదు కాబట్టి, పైథాన్ భాషలో "క" పెద్దబడియా అని అడిగినా, చిన్నబడియా అని అడిగినా కాదనే జవాబు వస్తుంది.

సంకేతాల వేగాన్ని కొలిచే ప్రమాణానికి 1926లో ఈయన పేరిట "బాడ్" అని నామకరణం చేశారు.