కెర్నల్‌ని సి లోకి తెచ్చినాయన: డెన్నిస్ రిచీ

ఫస్టియర్‌లో సి చదవకుండా ఇంజనీరింగ్ దాటినవాళ్ళు మనలో ఎవరూ ఉండరు. పాయింటర్ల దగ్గర తల పట్టుకుని, ఈ లాంగ్వేజ్ కనిపెట్టినాయన్ని తిట్టుకోనివాళ్ళూ తక్కువే. ఆయన పేరు డెన్నిస్ రిచీ. సొంతంగా లినక్స్ కెర్నల్ బిల్డ్ చేసుకుందామని కూర్చున్నాక, పరీక్షలతో సంబంధం లేకుండా ఆయన జీవితం గురించి వెతికి చదివాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

రిచీ 1941 సెప్టెంబర్ 9న న్యూయార్క్ దగ్గర బ్రాంక్స్‌విల్‌లో పుట్టారు. తండ్రి ఆలిస్టర్ రిచీ బెల్ ల్యాబ్స్‌లో శాస్త్రవేత్త. కొడుకు హార్వర్డ్‌లో ఫిజిక్స్, తర్వాత అప్లైడ్ మ్యాథమెటిక్స్ చదివి, 1967లో అదే బెల్ ల్యాబ్స్‌లో చేరారు. 1968లో పీహెచ్‌డీ థీసిస్ రాశారు గానీ, బైండు చేయించిన కాపీ యూనివర్సిటీకి ఇవ్వలేదు. దాంతో డాక్టరేట్ రాలేదు. రికార్డుల బైండింగ్ కోసం జిరాక్స్ షాపుల చుట్టూ తిరిగే మనకి ఇది వింతగానే ఉంటుంది.

ఆ రోజుల్లో కంప్యూటర్ ఒక్కరి సొత్తు కాదు. ఒకే మెషీన్‌ని చాలామంది టెర్మినళ్ళ మీద పంచుకునేలా మల్టిక్స్ అనే సిస్టమ్‌ని ఎంఐటీ, జనరల్ ఎలక్ట్రిక్, బెల్ ల్యాబ్స్ కలిసి కడుతుండేవి. ఖర్చు పెరిగి పని తెమలక, 1969లో బెల్ ల్యాబ్స్ తప్పుకుంది. అందరూ ఒకేచోట కూడి ప్రోగ్రాములు రాసుకునే అలవాటు రిచీ బృందానికి అప్పటికే అబ్బింది. అది పోవడం వాళ్ళకి కష్టంగా అనిపించింది. అదే ఏడాది కెన్ థాంప్సన్ ఒక పాత పీడీపీ-7 మీద యునిక్స్ మొదలుపెట్టారు. రిచీ తోడయ్యారు.

మొదటి యునిక్స్ అసెంబ్లీలో ఉండేది. మెషీన్ మారితే మళ్ళీ మొదట్నుంచీ రాసుకోవాల్సిందే. థాంప్సన్ బి లాంగ్వేజ్‌కి టైపులు చేర్చి రిచీ సి ని తయారుచేశారు. 1972లో కెర్నల్‌ని అందులో రాయబోయి థాంప్సన్ మధ్యలో వదిలేశారు. రిచీ స్ట్రక్చర్లు చేర్చాక, 1973 వేసవిలో ఆ పని అయింది. స్ట్రక్చర్లు ఎందుకురా అని అడిగే జూనియర్లకి నేను చెప్పే జవాబు ఇదే. 1974 నాటి వాళ్ళ పేపర్ ప్రకారం, 144 కిలోబైట్ల మెమరీ ఉన్న పీడీపీ-11/45లో యునిక్స్ 42 కిలోబైట్లు పట్టేది. తర్వాత స్టీవ్ జాన్సన్‌తో కలిసి రిచీ దాన్ని ఇంటర్‌డేటా 8/32 అనే వేరే రకం మెషీన్ మీదికీ తీసుకెళ్ళారు.

1956లో ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం వల్ల ఏటీ అండ్ టీ కంప్యూటర్ వ్యాపారంలోకి దిగడానికి లేదు. అందుకని యూనివర్సిటీలకి సోర్స్ కోడ్‌తో సహా టేపులు తక్కువ ఫీజుకే అందాయి. ఎవరి మెషీన్‌కి తగ్గట్టు వాళ్ళు కెర్నల్‌ని మార్చి కంపైల్ చేసుకున్నారు. కస్టమ్ కెర్నల్ అలవాటు అలా పెరిగింది.

మా సింగరాయకొండలో కారం పట్టించే మర దగ్గర నిలబడితే ఇది సులువుగా బుర్రకెక్కుతుంది. మర ఒక్కటే, కాయలు ఎవరివి వాళ్ళవి. మా అమ్మమ్మ వేసే ధనియాలు, మెంతుల కొలత వేరు, పక్కింటి పిన్ని కొలత వేరు. ఆన్‌లైన్‌లో కెర్నల్ బిల్డ్ చేసిపెట్టే ఉమ్మడి సర్వీసులూ అంతే. కాన్ఫిగ్ ఫైల్ మనది, సర్వర్ అందరిదీ. పాత లాప్‌టాప్‌లో గంటలు పట్టే పని, మధ్యలో కరెంటు పోతే ఆగిపోయే పని, అక్కడ చకచకా అయిపోతుంది. ఖరీదైన మెషీన్ కొనలేని మనలాంటివాళ్ళకి ఇది చిన్న సాయం కాదు.

అయితే మరలో ముందువాళ్ళ కారం కాస్త మనదాంట్లో కలుస్తుంది. అమ్మమ్మ మొదటి గుప్పెడు వేరుగా తీయిస్తుంది. ఇక్కడా ఆ జాగ్రత్త కావాలి. రిచీ, థాంప్సన్‌లకి 1983 ట్యూరింగ్ అవార్డు వచ్చినప్పుడు థాంప్సన్ ప్రసంగం దీని మీదే. కంపైలర్‌లో దొంగదారి దాచిపెడితే, మన సోర్స్ కోడ్ ఎంత చదివినా అది దొరకదని ఆయన చూపించారు. కెర్నల్ అంటే మెషీన్ మొత్తానికీ తాళంచెవి. కాబట్టి అదే సోర్స్, అదే కాన్ఫిగ్, అదే కంపైలర్‌తో ఇంకోచోట బిల్డ్ చేసి, రెండూ బిట్టుకి బిట్టు సరిపోతున్నాయా అని చూసుకోవాలి. కెర్నల్ తనలో బిల్డ్ టైమూ, యూజర్ పేరూ, మెషీన్ పేరూ రాసుకుంటుంది గనక ముందు వాటిని రెండుచోట్లా ఒకేలా పెట్టాలి.

1978లో బ్రయాన్ కెర్నిఘన్‌తో కలిసి రిచీ రాసిన సి పుస్తకం ఇప్పటికీ మన లైబ్రరీల్లో నలుగుతూనే ఉంది. 2007లో ఆయన రిటైరయ్యారు. 2011 అక్టోబరులో, న్యూజెర్సీలో ఒంటరిగా ఉంటున్న ఇంట్లోనే పోయారు. అంతకు కొద్దిరోజుల ముందే స్టీవ్ జాబ్స్ చనిపోవడంతో పేపర్లన్నీ ఆ వార్తలతో నిండిపోయాయి. జాబ్స్ అమ్మిన ఐఫోన్ లోపలి సిస్టమ్‌ది యునిక్స్ వంశమే. మన ఆండ్రాయిడ్ ఫోన్లలోని లినక్స్ కెర్నల్‌లో ఎక్కువ భాగం సి యే.

ఇది చదివాక మీ ఫోన్ సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్ తెరిచి, కెర్నల్ వెర్షన్ అన్న వరుస చూడండి. చాలా ఫోన్లలో దాన్ని ఎప్పుడు బిల్డ్ చేశారో రాసి ఉంటుంది. ఎవరు చేశారన్నది మాత్రం మీరే అడగాలి.